పైకి బాగున్న మామిడి కాయలో పురుగు ఎలా చేరింది?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్‌కు దగ్గరలో ఉన్న పల్లె. మా మామగారు వేసిన మూడున్నర ఎకరాల మామిడి తోటను కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. సువర్ణరేఖ, బంగినపల్లి చెట్లు ఎక్కువ, కలెక్టరు చెట్లు కొన్ని ఉన్నాయి. గట్టు మీద జీడి, బావి దగ్గర జామ చెట్లు ఉన్నాయి. ఈ ఏడు పూత విరగబూసింది కానీ పూగుత్తులు జిగురు పట్టి నల్లబడ్డాయి. మందుల కొట్టులో ఇచ్చిన మూడు మందులు కలిపి నిండు పూతలో కొట్టించాము, పిందె సరిగా నిలవలేదు. నిలిచిన కాయను పర్లాకిమిడి పంపితే బంగినపల్లి, కలెక్టరు కాయల్లో తెల్ల పురుగులు ఉన్నాయని వ్యాపారి చాలా భాగం వెనక్కి పంపాడు. రెండు పెద్ద చెట్ల మొదళ్ల దగ్గర రంపపు పొట్టు రాలుతోంది. ఇంకా గట్టి మందు కొట్టాలని మామగారు అంటున్నారు. ఇంట్లో మోనోక్రోటోఫాస్ సీసా ఒకటి సగం మిగిలి ఉంది. వచ్చే ఏడు ఏ మందు, ఎన్నిసార్లు కొట్టాలో దయచేసి చెప్పండి.
– ఒక రైతు సోదరి, గజపతి జిల్లా

సమాధానం: అమ్మా, మీరు ఒకే బాధగా రాసిన దానిలో మూడు వేర్వేరు పురుగులు ఉన్నాయి. పూతకు జిగురు పట్టించినది తేనెమంచు పురుగు. కాయలో కనిపించిన తెల్ల పురుగు పండు ఈగ పిల్ల. చెట్టు మొదట్లో పొట్టు రాల్చేది కాండం తొలుచు పురుగు. మొదటిది పూగుత్తి మీద కూర్చుని రసం పీలుస్తుంది, రెండవది తన జీవితంలో ఒక భాగాన్ని కాయ లోపల, మరొక భాగాన్ని నేలలో గడుపుతుంది, మూడవది నెలల తరబడి చెక్క లోపలే ఉంటుంది. ఆకుల మీద కొట్టిన మందు కాయ లోపలికీ, నేల లోపలికీ, చెక్క లోపలికీ చేరదు కనుక, మూడు మందులు కలిపినా, వాటి మోతాదు పెంచినా మీ తోటలో ఈ మూడు పురుగులలో రెండింటికి ఏమీ కాదు. అందువల్ల ఏ మందు అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఏ పురుగు ఏ నెలలో ఎక్కడ ఉంటుందన్న దానితో మొదలుపెడదాం. కోతలు ముగిసిన ఈ సమయంలోనే మీరు ఉత్తరం రాయడం మంచిదైంది, ఎందుకంటే వచ్చే వేసవి కాయను కాపాడే పనుల్లో ముఖ్యమైనవి ఇప్పుడు, వర్షాల్లో చేయవలసినవే.

అంతకంటే ముందు ఆ మోనోక్రోటోఫాస్ సీసా సంగతి. దానిని వంటింటికీ, ధాన్యం గదికీ, పిల్లల చేతికీ అందని చోట తాళం వేసి ఉంచండి, తోటలో మాత్రం వాడకండి. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఈ మందు కలిసిన నూనె వల్లనే. కూరగాయల మీద దీని వాడకాన్ని ప్రభుత్వం అంతకు చాలా ఏళ్ల ముందే ఆపింది, 2023 లో 36 శాతం ద్రావణాన్ని పూర్తిగా నిషేధిత జాబితాలో చేర్చింది. మిగిలిన మందును బావిలోనో, కాలువలోనో, వంశధారలోనో పారబోయవద్దు. వ్యవసాయ అధికారికి చూపించి ఎలా వదిలించుకోవాలో అడగండి. ఖాళీ అయిన సీసాను కడిగి మరో పనికి వాడడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది, అది కూడా చేయకండి.

ఇక పండు ఈగ. మీకు డబ్బు నష్టం ఎక్కువగా కలిగించినది ఇదే కనుక దీని గురించి వివరంగా రాస్తాను. మీ ఉత్తరంలో ఒక విషయం నా దృష్టిని ఆపింది. వ్యాపారి వెనక్కి పంపినవి బంగినపల్లి, కలెక్టరు కాయలు అన్నారు. సువర్ణరేఖ పేరు ఎత్తలేదు. సువర్ణరేఖ మన ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల్లో ముందుగా చేతికొచ్చే రకం, అప్పటికి తోటలో ఈగ సంఖ్య తక్కువగా ఉంటుంది. ఎండ ముదిరి, తొలకరి జల్లులు పడే కొద్దీ ఈగ పెరుగుతుంది, వెనుక వచ్చే రకాలు ఎక్కువగా దెబ్బతింటాయి. వేసవిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. సువర్ణరేఖ కోతకూ బంగినపల్లి కోతకూ, బంగినపల్లికీ కలెక్టరుకూ మధ్య ఉండే వ్యవధిని దీనితో పోల్చి చూడండి. చెట్టు కింద రాలి, ఎవరూ ఏరకుండా మగ్గిపోయిన సువర్ణరేఖ పండ్లలో పెరిగిన ఈగలే బంగినపల్లి మీద వాలి ఉంటాయి, రాలిన బంగినపల్లిలో పెరిగినవి కలెక్టరు మీద పడి ఉంటాయి. అంటే ఈ ఈగలో ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చినది కాదు, మీ తోట నేల మీదనే తరం వెనుక తరంగా పెరిగింది.

కాయ పైకి బాగుండి లోపల పురుగు ఉండడానికి కారణం ఈగ గుడ్డు పెట్టే పద్ధతిలోనే ఉంది. కాయ ముదిరి రంగు తిరగబోయే దశలో ఆడ ఈగ దాని మీద వాలి, తోక చివర ఉన్న సూదివంటి గొట్టాన్ని తొక్కలోకి దించి, తొక్క కిందనే కొన్ని గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కాయను వెలుతురుకు తిప్పి చూస్తే సూది మొనంత గుంట, దాని చుట్టూ లేత గోధుమ రంగు వలయం, కొన్నిసార్లు ఒక చుక్క జిగురు కనిపిస్తాయి. రెండు మూడు రోజుల తరువాత అదే చోట బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగుతుంది. కాయ కోసి పర్లాకిమిడి చేరేసరికి గుడ్లు పగిలి పిల్లలు గుజ్జు తింటూ ఉంటాయి. కోసే మనుషులకు ఈ గుర్తును చూపించి, అటువంటి కాయను తోటలోనే వేరుచేయిస్తే, కనీసం మంచి కాయతో పాటు చెడ్డ కాయ కూడా వెళ్లి మొత్తం సరుకు మీద మచ్చ పడకుండా ఉంటుంది. 2014 మే నెలలో ఐరోపా దేశాలు భారతదేశపు మామిడి దిగుమతిని ఆపేసింది ముఖ్యంగా ఈ ఈగ కారణంగానే. 2015 ఆరంభంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఎగుమతి చేసే సరుకును 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచి లోపలి గుడ్లను, పిల్లలను చంపే పద్ధతి ఉంది, కానీ ఆ వేడిని ఒక్క తీరుగా నిలబెట్టే యంత్రాలు కావాలి. ఇంటి దగ్గర కాగులో చేయబోతే కాయ ఉడుకుతుంది. మీరు చేయవలసిన పని తోటలోనే ఉంది.

పిల్ల పురుగు ఎదిగిన తరువాత కాయలోంచి బయటపడి మట్టిలోకి దూరుతుంది. రెండు మూడు అంగుళాల లోతులోనే గోధుమ గింజ ఆకారంలో ముడుచుకొని, పది రోజుల తరువాత ఈగగా పైకి వస్తుంది. ఈగను ఎవరైనా సులువుగా పట్టగలిగే చోటు ఇదొక్కటే. కాబట్టి కోత కాలమంతా రోజు విడిచి రోజు రాలిన కాయలను ఏరించండి. ఏరిన కాయను గట్టు అవతల కుప్పపోయడం, పెంటకుప్పలో వేయడం ఈగను పెంచడమే అవుతుంది. రెండడుగుల కంటే లోతు గోతిలో వేసి మట్టి కప్పి తొక్కించండి, లేదా మందపాటి నల్ల ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి బిగించి కట్టి వారం రోజులు ఎండలో పడేయండి. లోపలి వేడికి పురుగు చచ్చిపోతుంది. కోతలు అయ్యాక, మళ్లీ వేసవి ఆరంభంలో, చెట్ల నీడ పడే మేర మట్టిని పైపైన తిరగేయిస్తే నేలలో ఉన్నవి ఎండకూ పిట్టలకూ చిక్కుతాయి. వేర్లు తెగేలా లోతుగా దున్నవద్దు. ఇది కూలి ఖర్చుతో కూడిన పని, నాకు తెలుసు. కానీ మూడు మందులకు, కొట్టిన మనుషులకు మీరు పెట్టిన ఖర్చులో కొంత భాగం దీనికి పెట్టినా దీని ఫలితం ఎక్కువ.

బావి దగ్గరి జామ చెట్లను కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి. మామిడి కాయ లేని నెలల్లో ఈ ఈగ జామలో బతుకుతుంది. వానాకాలపు జామకాయలో పురుగు లేని కాయ దొరకడం కష్టమని మీరు చూసే ఉంటారు, ఆ పురుగు కూడా ఇదే జాతిది. చెట్లు కొట్టేయమని నేను చెప్పను. పిల్లలు తినే చెట్లు అవి. వానాకాలపు కాపును మగ్గకముందే కోసేయండి, రాలిన జామను కూడా మామిడితో పాటే గోతిలో వేయండి. బొప్పాయి, సపోటా వంటివి ఇంటి దగ్గర ఉంటే వాటికీ ఇదే మాట.

ఎర బుట్టల గురించి మీరు విని ఉంటారు. మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం మగ ఈగలను దూరం నుంచి లాగుతుంది. తులసి ఆకులోనూ ఈ పదార్థం ఉంటుంది. ఆ పదార్థంలో నానబెట్టిన చెక్క ముక్క ఉన్న ప్లాస్టిక్ బుట్టలు మందుల కొట్లలో తయారుగా దొరుకుతాయి. ఎకరాకు నాలుగు నుంచి ఆరు బుట్టలు, మనిషి తల ఎత్తులో, కొమ్మల నీడలో, కోతకు కనీసం నెలన్నర ముందే కట్టాలి. మీకు సువర్ణరేఖ ముందుగా వస్తుంది కనుక మార్చి మొదటి వారానికే కట్టించండి, కలెక్టరు కోత ముగిసేదాకా ఉంచండి. చెక్క ముక్క వాసన కొన్ని వారాల్లో తగ్గుతుంది, పొట్లం మీద రాసిన గడువు ప్రకారం మార్చాలి. చాలామంది కాయలో పురుగు కనిపించిన తరువాత బుట్ట కొంటారు. అప్పటికి ఆడ ఈగలు మగవాటితో కలిసి ఉంటాయి, బుట్ట నిండా మగ ఈగలు పడినా కాయలో గుడ్డు పడడం ఆగదు. బుట్టలో పడేవి మగవే అన్నది మరచిపోకూడదు. మీ ఇరుగుపొరుగు తోటల వాళ్లు కూడా ఒకే వారంలో కట్టుకుంటే ఫలితం చాలా మెరుగుగా ఉంటుంది, ఒక్క తోటలోనే కడితే పక్క తోటల ఈగలు వస్తూనే ఉంటాయి.

ఆడ ఈగకు వేరే ఉపాయం ఉంది. గుడ్డు పెట్టే ముందు దానికి తీపి, పోషకాలు కావాలి, వాటి కోసం తిరుగుతుంది. దీనికి పూర్వం మలాథియాన్ అనే పురుగుమందు చెప్పేవారు, కానీ మామిడి మీద దాని వాడకాన్ని ప్రభుత్వం 2023 లో ఆపింది. లీటరు నీటికి 10 గ్రాముల బెల్లం, మామిడికి అనుమతి ఉన్న మందు ఏదో వ్యవసాయ అధికారిని అడిగి ఆయన చెప్పిన మోతాదులో కలిపి, కాయల మీద పడకుండా, చెట్టు మొదలు మీద, కింది ఆకుల మీద అక్కడక్కడ పెద్ద చుక్కలుగా చిలకరించాలి. తోటంతా తడపనక్కరలేదు, వారానికి ఒకసారి చాలు, వాన పడితే మళ్లీ వేయాలి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద ఉంటుంది, దానిని తప్పకుండా పాటించండి. మంచి ధర పలికే బంగినపల్లి కాయలు కొన్ని వందలైనా నిమ్మకాయంత దాటి గుడ్డు సైజుకు వచ్చినప్పుడు గోధుమ రంగు కాగితపు సంచులు తొడిగిస్తే ఈగ వాటిని తాకలేదు, తొక్క మీద మచ్చలూ ఉండవు. అందే ఎత్తులో ఉన్న కొమ్మలకే ఇది సాధ్యం, అయినా చేయదగిన పని.

ఇప్పుడు పూత సంగతి. తేనెమంచు పురుగు చిన్నది, ముందు వెడల్పుగా, వెనక్కి సన్నగా చీలిక ఆకారంలో ఉంటుంది. పూత సమయంలో చెట్టు దగ్గరికి వెళ్లి కొమ్మను కదిపితే చినుకులు పడినట్టు టపటపమని ఎగిరి ముఖానికి తగులుతుంది. ఇది పూకాడలోనే గుడ్లు పెడుతుంది, పిల్లలు పూగుత్తి రసాన్ని పీల్చి తీపి జిగురును విసర్జిస్తాయి. ఆ జిగురు మీద నల్లని మసి బూజు పెరుగుతుంది. మీరు నల్లబడ్డాయని రాసింది దానినే. ఆ నలుపు ఆకుల మీద ఇంకా ఉంటే పలచని గంజిని ఎండ కాసే రోజు పిచికారీ చేయించండి. ఆరిన గంజి పొరలుగా లేచి మసిని కూడా తీసుకొని రాలిపోతుంది.

పిందె నిలవకపోవడానికి మీరు పురుగునే కారణంగా అనుకుంటున్నారు. అందులో మందుకు కూడా వాటా ఉందని నా అభిప్రాయం. మామిడి పువ్వుకు పరాగం మోసేవి ఈగలు, తేనెటీగలు, ఇతర చిన్న కీటకాలు. నిండు పూతలో, పగటివేళ, తోటంతా మందు కొడితే ముందు చచ్చేవి అవే. పైగా మందు జల్లు పుప్పొడిని కడిగేస్తుంది. మామిడిలో సహజంగానే పూసిన వందలో ఒక్క పువ్వు కూడా కాయ దాకా రాదు. ఆ కొద్దిపాటి అవకాశాన్ని కూడా నిండు పూతలోని పిచికారీ తగ్గించింది. మందుల కొట్టు ఇచ్చిన మూడింటిలో సైపర్‌మెత్రిన్ వంటిది ఉంటే ఇంకో ఇబ్బంది. అటువంటి మందు సాలీళ్లను, అక్షింతల పురుగులను, పురుగుల మీద బతికే చిన్న కందిరీగలను తుడిచిపెడుతుంది, తరువాత పొలుసు పురుగు, పిండినల్లి కొత్తగా తల ఎత్తుతాయి. ఇది తోటల్లో పదేపదే కనిపించే వరస. ఇక మీదట ఏ కొట్టులోనైనా రెండు మూడు సీసాలు కలిపి కొట్టమంటే, ఏది ఏ పురుగుకని అడిగి, జవాబు సరిగా రాకపోతే కొనకండి.

తేనెమంచు పురుగుకు మొదటి మందు కత్తిరింపు. పూత లేని నెలల్లో ఇది మొదలు మీది బెరడు పగుళ్లలో, కొమ్మల చీకట్లో తలదాచుకుంటుంది. నీడ, చెమ్మ దానికి ఇష్టం. మీ మామగారి కాలంలో వేసిన చెట్ల కొమ్మలు ఈపాటికి ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. ఈ జులై, ఆగస్టులలో వాన తెరిపి ఇచ్చిన రోజుల్లో చెట్టు నడుమ నుంచి లోపలికి పెరిగిన కొమ్మలను, ఒకదానికొకటి రాసుకుంటున్న వాటిని, ఎండు కొమ్మలను తీయించండి. మధ్యాహ్నం చెట్టు కింద నిలబడితే ఎండ మచ్చలు నేల మీద పడాలి. కోతపడిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయండి. సెప్టెంబరు దాటాక పెద్ద కొమ్మలు తీయవద్దు, కొత్త చిగురు వచ్చి పూత దెబ్బతింటుంది. చలికాలం ముందు యూరియా ఎక్కువ వేసినా, నీరు ఎక్కువ పెట్టినా లేత చిగురు వస్తుంది, ఆ చిగురుకే ఈ పురుగు ముందుగా చేరుతుంది.

డిసెంబరు, జనవరిలో పూమొగ్గ బయటపడి పువ్వులు ఇంకా విప్పని సమయంలో రెండు మూడు రోజులకు ఒకసారి తోటలో తిరిగి, నాలుగు దిక్కులా ఉన్న చెట్ల మీద కొన్ని పూగుత్తులు పట్టుకొని చూడండి. గుత్తికి ఐదు పురుగులు దాటితేనే మందు ఆలోచించాలి. అప్పుడు ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణం లీటరు నీటికి 0.3 మిల్లీలీటరు, లేదా థయామిథాక్సామ్ 25 శాతం గుళిక లీటరుకు 0.3 గ్రాము, రెండింటిలో ఒకటి మాత్రమే, సాయంత్రం వేళ, మొదలూ పెద్ద కొమ్మలూ తడిసేలా కొట్టించండి. ఈ మందులు తేనెటీగకు ప్రాణాంతకం కనుక పువ్వు విప్పాక వీటిని ముట్టవద్దు. పూత నిండుగా ఉన్న రోజుల్లో తోటలో ఏ మందూ వద్దు. పిందె శనగగింజ, బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ చూసి, పురుగు పిల్లలు ఇంకా ఉంటే మొదట వాడిన మందునే వాడకుండా బుప్రోఫెజిన్ వంటిది తీసుకోండి. అది పిల్ల పురుగు కుబుసం విడవడాన్ని అడ్డుకునే మందు, మోతాదు డబ్బా మీది సూచన ప్రకారం కలపండి. పురుగు తక్కువగా ఉంటే వేప మందుతో సరిపెట్టవచ్చు. అంటే ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు పిచికారీలు. మీరు ఎన్నిసార్లు అని అడిగిన దానికి తేనెమంచు పురుగు వరకు నా జవాబు ఇది.

రంపపు పొట్టు రాలుతున్న రెండు చెట్లకు మాత్రం ఈ వారమే పని పెట్టుకోండి. అవి 2018 అక్టోబరు 11న పలాస తీరం దాటి మీ జిల్లాను ముంచిన తిత్లీ తుపానులో కొమ్మలు విరిగినవేమో గుర్తుచేసుకోండి. విరిగి, చీలి, శుభ్రం చేయకుండా వదిలేసిన చోట్లే కాండం తొలుచు పురుగుకు గుడ్డు పెట్టే తావులు. పెద్ద మీసాలతో, రెండంగుళాల పొడవున బూడిద రంగులో ఉండే పెంకు పురుగు తొలకరి తరువాత బయటికి వచ్చి బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ఏడాది పొడుగునా చెక్కను తొలుస్తూ ఉంటుంది. చెట్టు పైపైన కొమ్మ కొమ్మగా ఎండుతూ వస్తుంది, చివరకు ఒక గాలికి కూలిపోతుంది.

మొదలు చుట్టూ నేలను ఊడ్చి, మర్నాడు ఉదయం చూడండి. తాజాగా రాలిన పొట్టు తడిగా, ముద్దముద్దగా, ఎర్రటి రంగులో ఉంటుంది. దానికి సరిగ్గా పైన బెరడు మీద రంధ్రం దొరుకుతుంది. పొడి పొట్టు ఉన్న పాత రంధ్రం ఖాళీదై ఉండవచ్చు. తాజా రంధ్రంలోకి సైకిలు బ్రేకు తీగ వంటి గట్టి, వంగే తీగను మెల్లగా తిప్పుతూ దూర్చి లోపలి పొట్టు లాగేయండి. మెత్తగా తగిలి తీగ కొసకు తెల్లని చెమ్మ అంటితే పురుగు చిక్కినట్టే. తరువాత పెట్రోలులో ముంచిన దూది ఉండను లోపలికి నెట్టి, తడి బంకమన్నుతో మూయండి. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల లేకుండా చూసుకోండి. వారం తరువాత మళ్లీ పొట్టు రాలితే ఇంకో రంధ్రం ఉందన్నమాట, ఓపికగా అదే పని మళ్లీ చేయాలి. పాత పుస్తకాల్లో, కరపత్రాల్లో దీనికి డైక్లోర్వాస్ పోయమనీ, మొదలుకు కార్బారిల్ పూయమనీ ఉంటుంది. ఈ రెండింటినీ 2018 ఉత్తర్వుతో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది, డైక్లోర్వాస్ గడువు 2020 డిసెంబరు 31తో ముగిసింది. కొట్టులో ఎవరైనా ఇవ్వబోయినా తీసుకోవద్దు.

గట్టు మీది జీడి చెట్ల మొదట్లో జిగురు, పొట్టు కనిపిస్తే అక్కడా ఇటువంటి పురుగే ఉంటుంది, అది వేరులోకి కూడా దిగుతుంది. చుట్టూ సగానికి పైగా బెరడు పోయిన జీడి బతకదు. దానిని వేరుతో సహా తీసి తగులబెట్టడమే మిగిలిన చెట్లకు రక్ష. జీడి చిగురును మాడ్చే టీ దోమకు ఎండోసల్ఫాన్ బాగా పనిచేసేదని మీ వైపు పెద్దలు ఇప్పటికీ అంటారు. కేరళలోని కాసరగోడ్‌లో జీడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టరుతో అదే మందు చల్లి, ఆ ఊళ్లలో పుట్టిన పిల్లలు వైకల్యాలతో ఎలా బతుకుతున్నారో దేశమంతా చూసింది. 2011 లో సుప్రీంకోర్టు దానిని దేశమంతటా ఆపించింది. జీడి మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు ఉంటే వాటిని మాత్రం కాల్చకండి. టీ దోమను, ఇంకా చాలా పురుగులను అవి వేటాడతాయి, దక్షిణ చైనాలో 1700 ఏళ్ల కిందటే నారింజ తోటల్లో పెట్టడానికి ఈ చీమల గూళ్లను అమ్మేవారు. మామిడి కోసేటప్పుడు కుడతాయన్నది నిజమే, అందుకని వాటిని జీడి గట్టుకే ఉంచుకోవడం మేలు.

మందు కొట్టవలసి వచ్చినప్పుడు డబ్బా మీది రంగు త్రికోణం చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. లోపలి కాగితం ఒడియాలో ఉండి చదవడం కష్టమైతే పిల్లల చేత చదివించుకోండి. కొట్టే మనిషికి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, పొడుగు చేతుల చొక్కా మీరే ఇవ్వండి, గాలికి ఎదురుగా నడవనివ్వకండి.

అనుమానం వచ్చిన కాయనో, పొట్టునో, పురుగునో సీసాలో వేసుకొని మీ జిల్లాలో ఆర్. ఉదయగిరిలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లవచ్చు. తెలుగులో మాట్లాడడం సులువనుకుంటే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలోని కేంద్రానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఏ తేదీన ఏ మందు కొట్టారో రాసుకున్న కాగితం తప్పక ఉండాలి, అది లేకుండా వారు కూడా ఊహించే చెప్పగలరు.

మామగారి మాట గురించి ఒక సూచన. చెట్లు నాటి పెంచిన మనిషి ఆయన, కళ్ల ముందు కాయ పాడవుతుంటే గట్టి మందు కోరడంలో తప్పు లేదు. ఆయనతో వాదించకుండా, వచ్చే పూతలో తోట ఒక అంచున నాలుగు చెట్లను ఆయన ఇష్టానికి వదిలేయండి, నిషేధించిన మందు మాత్రం కాకుండా. మిగిలిన తోటలో పైన రాసినట్టు చేయండి. సువర్ణరేఖ కోత నుంచి రాలిన కాయలు ఏరే పనిని ఆయన చేతనే పర్యవేక్షింపజేయండి, రెండు వైపులా పట్టిన పిందెనూ, పురుగు పట్టిన కాయనూ ఆయననే లెక్కపెట్టమనండి. కలెక్టరు కోత ముగిశాక ఆ లెక్క నాకు రాయండి, దానిని బట్టి ఆ మరుసటి ఏడు పిచికారీ ఒక్కటైనా అవసరమో లేదో చూద్దాం.